స్త్రీలపై హింస: పరిశోధనను వృత్తిగా గైకొనదలచినవారికి

సాంఘికశాస్త్రములలోనో, న్యాయశాస్త్రములోనో, గణాంకశాస్త్రములోనో పట్టము పుచ్చుకొని, ఇక ముందు దారి యేదియని విచారించు విద్యార్థులకు, తగినంతమంది యింకను అడుగిడని యొక పరిశోధనారంగమును గూర్చి చెప్పదలచితిని. అది స్త్రీలపై, అందును ముఖ్యముగా ఇంటి నాలుగు గోడల నడుమ, జరుగు హింసను గూర్చిన అధ్యయనము.

దీనికి ఆధారమైన స్త్రీల అధ్యయనమునకు మన దేశమున అర్ధశతాబ్ది చరిత్ర కలదు. 1974లో సమాజశాస్త్రవేత్త నీరా దేశాయి బొంబాయి ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయమున స్త్రీల అధ్యయనమునకై ఒక విభాగము నెలకొల్పిరి. 1985లో హైదరాబాదున 'అన్వేషి' యను స్త్రీల అధ్యయన పరిశోధనాకేంద్రము వెలసినది. భార్యను బాధించు భర్తను, అతని బంధువులను శిక్షించుటకై 1983లో భారత శిక్షాస్మృతిలో చేరిన 498ఎ సెక్షనుకును, 2005 నాటి గృహహింస చట్టమునకును వెనుక స్త్రీల ఉద్యమములతోపాటు ఇట్టి అధ్యయనముల బలమును ఉన్నది.

నేడు ఈ శాస్త్రము ఎచ్చట నిలిచియున్నదో తెలియవలెనన్న రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడవలెను. 2022లో దేశమంతట స్త్రీలపై నేరములుగా పోలీసు రికార్డుల కెక్కినవి 4,45,256. వానిలో మూడింట ఒక వంతుకు దగ్గరగా భర్తయో, అతని బంధువులో పెట్టిన బాధలే. కాని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18 మొదలు 49 ఏండ్ల వరకు గల వివాహితలలో నూటికి 29 మంది భర్త చేతి హింస ననుభవించితి మనిరి. తెలంగాణమున ఆ సంఖ్య 37, ఆంధ్రప్రదేశమున 30. హింస కెరయైన వారిలో సహాయము కోరినవారు నూటికి 14 మంది మాత్రమే. 77 మంది యెవరికిని చెప్పుకొననైన లేదు. ఠాణా గడప తొక్కని ఆ వేదనను వెలికి తెచ్చుటయే పరిశోధకుని పని.

అది ఎట్లు జరుగునో కొంచెము నిదానించి చూతము. 'మీపై హింస జరిగినదా?' యని అడిగిన, అధికసంఖ్యాకులు లేదనియే తల యూపుదురు. కావున చెంపపై కొట్టెనా, జుట్టు పట్టి లాగెనా, నెట్టెనా, కాలితో తన్నెనా యని ఒక్కొక్క చేష్టను విడివిడిగా అడుగవలెను. ఒక యింట ఒక్క స్త్రీనే, అదియును ఏకాంతమున, ప్రశ్నింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమము. అత్తగారు బిందెతో లోనికి అడుగిడినంతనే, ప్రశ్నలడుగుచున్న యువతి ఆ కాగితమును మడిచి, తొట్రుపాటు లేక, పిల్లల టీకాలను గూర్చి అడుగనారంభింపవలెను. అంతకుముందు చెప్పిన మాట ఏదియు బయటికి పొక్కెనేని, ఆ రాత్రి సమాధానము చెప్పిన స్త్రీకే దెబ్బలు తగులవచ్చును. ఈ జాగరూకత యలవడనివారు ఎంతటి గణితజ్ఞులైనను ఈ పనికి తగరని నా దృఢాభిప్రాయము.

చేయవలసినది మిక్కిలి కలదు. ఆంధ్రప్రదేశమున ఈ హింస అంతకుముందటి కుటుంబ ఆరోగ్య సర్వేకును దీనికిని నడుమ నూటికి 43 నుండి 30కి తగ్గినదని ఆ సర్వేలే చెప్పుచున్నవి. అందులో నిజమైన తగ్గుదల యెంత, చెప్పుటకు జంకినవారి మౌన మెంత యన్నది ఒక పి.హెచ్.డి.కి చాలినంత ప్రశ్న. ఆ సర్వే 49 ఏండ్లతో ఆగిపోవును గనుక, కొడుకుల చేత దెబ్బలు తిను ముసలితల్లుల గోడు అందు వినబడదు.

చదువు విషయమున, హైదరాబాదు విశ్వవిద్యాలయమునను, తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమునను స్త్రీల అధ్యయన శాఖలు కలవు. లెక్కలపై మక్కువ గలవారికి, కుటుంబ ఆరోగ్య సర్వేను నడుపు ముంబయి అంతర్జాతీయ జనాభా విజ్ఞాన సంస్థ (ఐ.ఐ.పి.ఎస్.) తగిన చోటు. యు.జి.సి. నెట్ పరీక్షలో 'విమెన్ స్టడీస్' ప్రత్యేక విషయముగా నున్నది, జె.ఆర్.ఎఫ్. అను పరిశోధక వేతనమును సాధించినవారికి 2023 నుండి నెలకు 37,000 రూపాయలు. విశ్వవిద్యాలయములలో స్థిరోద్యోగములు కొద్ది, పెక్కు కొలువులు ప్రాజెక్టుతో ముగియునవి. ఈ సంగతి ఇంటివారికి ముందే చెప్పి రావలెను.

ఈ దారిని రాదలచిన విద్యార్థులారా, పి.హెచ్.డి. దరఖాస్తు పెట్టుటకు ముందు, హింస కెరయైన స్త్రీలకు తోడ్పడు మీ జిల్లా సఖి కేంద్రములోనో, ఒక స్వచ్ఛందసంస్థలోనో కొన్ని నెలలు పని చేయుడు. అచ్చటికి వచ్చు స్త్రీల మాటను నడుమ అడ్డుపడక వినుట నేర్చుకొనుడు.