పాత పికప్ ఫ్యూయల్ గేజ్ అబద్ధం చెబుతోందా? 38 ఓమ్స్ కథ

ఎప్పుడూ ఫోన్ బ్యాటరీ పర్సంటేజ్ గురించి మాట్లాడుకుంటాం కదా, ఈసారి డీజిల్ పర్సంటేజ్ గురించి మాట్లాడుకుందాం. మా నాన్నకి పాత డీజిల్ పికప్ ఒకటి ఉంది. మదనపల్లె మార్కెట్‌కి టమోటా లోడ్లు వేస్తారు. మొన్న సీజన్‌లో తెల్లవారుజామున బండి దారిలోనే ఆగిపోయింది. గేజ్‌లో ముల్లు పావు ట్యాంక్ చూపిస్తోంది, ట్యాంక్‌లో మాత్రం చుక్క లేదు. డీజిల్ తెచ్చి పోసి, హ్యాండ్ ప్రైమర్ కొట్టి ఎయిర్ తీసేసరికి వేలం అయిపోయింది. మిగిలిన రేటుకే సరుకు ఇచ్చేసి వచ్చారు. "ఆ ముల్లును ఎప్పుడో నమ్మడం మానేసినా, ఆ రోజే మర్చిపోయి నమ్మినా" అన్నారు నాన్న. ఆ ఆదివారమే నేను మల్టీమీటర్ పట్టుకుని బండి కిందకి దూరాను.

గేజ్ ఎలా పనిచేస్తుంది?

ట్యాంక్‌లో ఒక ఫ్లోట్ ఉంటుంది. డీజిల్‌తో పాటు అది లేస్తూ, దిగుతూ ఒక రెసిస్టెన్స్ ట్రాక్ మీద కాంటాక్ట్‌ని జరుపుతుంది. పాత రేడియోలో వాల్యూమ్ నాబ్ లాంటిదే అనుకోండి. దీన్నే సెండర్ అంటారు. డ్యాష్‌బోర్డ్ గేజ్ ఆ రెసిస్టెన్స్‌ని చూసి ముల్లుని కదిలిస్తుంది.

ఈ విలువలు అన్ని బండ్లకీ ఒకటి కావు. ఖాళీకి 10, ఫుల్‌కి 180 ఓమ్స్ ఒక రకం. ఖాళీకి 0, ఫుల్‌కి 90 ఇంకో రకం. ఖాళీకి 240, ఫుల్‌కి 33 అని తలకిందులుగా ఉండేవి కూడా ఉన్నాయి. అందుకే కొత్త సెండర్ కొనేముందు గేజ్‌కి మ్యాచ్ అవుతుందో లేదో చూడాలి. మా బండిది 10–180 రకం.

స్టెప్ 1: తప్పు గేజ్‌దా, సెండర్‌దా?

సెండర్ వైర్ ఊడదీసి ఇగ్నిషన్ ఆన్ చేశాను. ముల్లు ఫుల్ దాటిపోయింది. అదే వైర్‌కీ ఛాసిస్‌కీ మధ్య 47 ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్ పెడితే ముల్లు పావు దగ్గర నిలబడింది. అంటే గేజ్, వైరింగ్ రెండూ ఓకే. వైర్‌ని నేరుగా ఛాసిస్‌కి తాకించేవాళ్ళు ఉంటారు. కొన్ని గేజ్‌లకి అది మంచిది కాదు, రెసిస్టర్ వాడటమే సేఫ్.

స్టెప్ 2: సెండర్, ఎర్త్

బ్యాటరీ నెగటివ్ తీసేశాక సెండర్ టెర్మినల్‌కీ, దాని బాడీకీ మధ్య కొలిచాను. ట్యాంక్ దాదాపు ఖాళీ, 11 ఓమ్స్ వచ్చింది. సెండర్ కరెక్ట్‌గానే ఉంది! మరి తప్పు ఎక్కడ? సెండర్ బాడీకీ ఛాసిస్‌కీ మధ్య కొలిస్తే 38 ఓమ్స్. ఇక్కడ 1 ఓమ్ కంటే తక్కువ రావాలి. ఎర్త్ వైర్ లగ్ దగ్గర తుప్పు పేరుకుపోయింది.

ఇప్పుడు లెక్క చూడండి: 11 + 38 = 49. గేజ్‌కి కనిపించేది ఆ 49 ఓమ్స్, అంటే పావు ట్యాంక్. ట్యాంక్ ఫుల్ చేసినప్పుడు ముల్లు ఎఫ్ దాటి చాలాసేపు అక్కడే ఉంటుందని నాన్న ఎప్పుడో చెప్పారు. కారణం అదే, 180కి కూడా ఈ 38 కలుస్తోంది. ఆయన చెప్పినప్పుడు నేను పట్టించుకోలేదు.

ఎమరీ పేపర్‌తో మెటల్ మెరిసేదాకా రుద్ది, కొత్త లగ్‌తో కొత్త ఎర్త్ వైర్ వేసి, పైన గ్రీజు రాశాను. మళ్ళీ కొలిస్తే 0.3 ఓమ్స్.

స్టెప్ 3: బంకులో టక్‌మని ఆగడం

రెండో సమస్య: రెండు లీటర్లు పడగానే నాజిల్ టక్‌మని ఆగిపోయేది. నాజిల్ కొన దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. డీజిల్ పారేటప్పుడు దాని గుండా గాలి లోపలికి లాగబడుతుంది. ఆ రంధ్రాన్ని డీజిల్ మూసేస్తే లోపల వాక్యూమ్ పెరిగి, డయాఫ్రమ్ కదిలి లివర్ విడిపోతుంది. ట్యాంక్ నిండితే ఇలా జరగాలి. కానీ ట్యాంక్‌లోని గాలి బయటికి రాలేకపోయినా, ఫిల్లర్ పైపులోనే డీజిల్ పైకి ఎగదన్ని ఇదే జరుగుతుంది.

గాలి బయటికి రావడానికి ఫిల్లర్ పక్కనే సన్నటి బ్రీదర్ పైపు ఉంటుంది. మాది ఊడదీసి సైకిల్ పంపుతో గాలి కొడితే అసలు పోలేదు. లోపలి రబ్బరు పొర ఉబ్బి దారి మూసేసింది. డీజిల్‌ని తట్టుకునే ఫ్యూయల్ హోస్ వేశాను. నీళ్ళ పైపు వేస్తే కొన్నాళ్ళకే మెత్తబడి పాడవుతుంది. పైపు మడత పడకుండా, ట్యాంక్ వైపు వాలుగా ఉండేలా క్లిప్ పెట్టాలి.

జాగ్రత్తలు

పని ఆరుబయటే చేయండి. ట్యాంక్ తెరిచే ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి. పెట్రోల్ బండి అయితే ఆవిరే అసలు ప్రమాదం, అనుభవం ఉన్న మెకానిక్ పక్కన లేకుండా ట్యాంక్ తెరవొద్దు. ట్యాంక్ ఖాళీగా ఉన్నా సరే, ఇంట్లో వెల్డింగ్ పెట్టొద్దు. లోపల మిగిలిన ఆవిరి చాలు పేలడానికి.

చివరి టెస్ట్

బంకులో 5 లీటర్ల చొప్పున కొట్టిస్తూ ప్రతిసారీ ముల్లు ఎక్కడుందో డ్యాష్‌బోర్డ్ పక్కన టేపు మీద మార్క్ చేశాం. నాజిల్ ఒక్కసారే ఆగింది, అదీ ట్యాంక్ నిండాక. లగ్, వైర్, హోస్ కలిపి ఖర్చు 400 రూపాయల లోపే. కొత్త సెండర్ కొనేసి ఉంటే డబ్బు పోయేది, తప్పు అలాగే ఉండేది. అందుకే ముందు కొలవండి, తర్వాతే కొనండి.

నాన్న మాత్రం సీటు కింద డీజిల్ కొలిచే కర్ర ఇంకా తీయలేదు. "ఇంకో రెండు లోడ్లు పోనీ, అప్పుడు సూద్దాం" అన్నారు. కరెక్టే కదా, ఒకసారి పోయిన నమ్మకం ఎమరీ పేపర్‌తో రుద్దగానే రాదు.