ఎదుటివాడి మెడ మన చేతుల్లో

మా చిన్నప్పుడు వేసవి సెలవులొస్తే మధ్యాహ్నాలన్నీ అరుగు మీద రెజ్లింగ్ ట్రంప్ కార్డులతోనే గడిచేవి. కార్డు మీద బొమ్మ, దాని కింద ఎత్తు, బరువు, ఛాతీ కొలత, గెలిచిన ఆటలు. ఎవరి అంకె పెద్దదైతే ఎదుటివాడి కార్డు వాళ్లది. 500 పౌండ్లు పైబడ్డ యొకొజూనా చేతికొస్తే ఆ పూట పండగే. బ్రెట్ హార్ట్ వస్తే మాత్రం దిగులు. గులాబీ, నలుపు రంగుల బట్టలు, తడి జుట్టు, అద్దంలా మెరిసే కళ్లజోడు, చూడ్డానికి బాగానే ఉండేవాడు. బరువు చూస్తే 235 పౌండ్ల దగ్గరే ఆగిపోయేవాడు. ఆ లెక్కల్లో ఆ కార్డు నిలిచేది కాదు.

అలాంటివాడు టీవీలో యొకొజూనాని ఎలా ఓడించాడని మా బాబాయిని అడిగాను. "ముందే అనుకుని ఆడతార్రా అవన్నీ. ఉత్తుత్తి దెబ్బలు" అన్నాడు. ఆ సాయంత్రమే కార్డులన్నీ తమ్ముడికిచ్చేశాను. ఎవరు గెలవాలో ముందే రాసిపెట్టిన ఆటలో గెలుపేమిటి, వీరత్వమేమిటి అన్న ప్రశ్న మాత్రం ఏళ్ల తరబడి వెంటే వచ్చింది. 2007లో వెలువడిన బ్రెట్ ఆత్మకథ చదివాక గానీ జవాబు దొరకలేదు.

ఫలితం ముందే రాసి ఉంటుందన్నది నిజమే. పద్యనాటకంలో దుర్యోధనుడు చివరికి పడిపోతాడని ఊరందరికీ తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చుని చూస్తారు, ఎలా నిలబడతాడో, ఎలా పడతాడో చూద్దామని. రెజ్లింగ్ అంతకంటే ఒక మెట్టు ప్రమాదకరమైన నాటకం. కథ కల్పితమే గానీ ఒళ్లు కల్పితం కాదు. ఆరడుగుల మనిషిని తలకిందులుగా ఎత్తి పడేసేటప్పుడు ఆ మనిషి మెడ పడేసేవాడి చేతుల్లో ఉంటుంది. అరంగుళం తేడా వస్తే బతుకంతా మంచమే. అంటే ఆ రింగులో ప్రత్యర్థి ఎవరు? తన ప్రాణాన్ని మన చేతికిచ్చి, వేలమంది ఎదుట మనతో శత్రుత్వం ఆడుతున్న మనిషి. రెండు దశాబ్దాలు దాటిన తన ఆటలో ఎవరినీ తీవ్రంగా గాయపరచలేదని బ్రెట్ గర్వంగా చెప్పుకుంటాడు. అతను డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే రెజ్లింగ్ కంపెనీలో ఐదుసార్లు ఛాంపియన్. ఆ ఐదు బెల్టుల కంటే నాకు ఈ మాటే పెద్దదిగా కనిపిస్తుంది.

ఈ పద్ధతి అతనికి పుట్టింట్లోనే అబ్బింది. కెనడాలోని కాల్గరీలో 1957 జులై 2న, పన్నెండుమంది సంతానంలో ఎనిమిదోవాడిగా పుట్టాడు. తండ్రి స్టూ హార్ట్ స్టాంపీడ్ రెజ్లింగ్ పేరుతో పోటీలు నడిపేవాడు. ఇంటి నేలమాళిగే తాలింఖానా. దానికి 'డంజన్' అని పేరు. అక్కడ స్టూ పట్టు పడితే కుర్రాళ్లు పెట్టే కేకలు పైన ఇంట్లోకి వినిపించేవి. ఎనిమిదిమంది కొడుకులూ ఏదో ఒక రకంగా ఆ వృత్తిలోకే వచ్చారు. నలుగురు కూతుళ్లూ మల్లయోధుల్నే పెళ్లాడారు. ఒళ్లు ఎక్కడ విరుగుతుందో తెలిసినవాడికే ఎక్కడ విరక్కుండా ఆపాలో తెలుస్తుంది. ఆ నేలమాళిగలో బ్రెట్ నేర్చుకున్నది రెండోది కూడా.

1984లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో చేరినవాడు ఏళ్ల తరబడి ఎక్కువగా జంట పోటీల్లోనే ఉండిపోయాడు. బావ జిమ్ నైడ్‌హార్ట్‌తో కలిసి రెండుసార్లు జంట బెల్టు గెలిచాడు. ఒంటరిగా మొదటి పెద్ద గెలుపు 1991 ఆగస్టులో, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, కర్ట్ హెన్నిగ్ మీద. అప్పటికే హెన్నిగ్ నడుము దారుణంగా దెబ్బతిని ఉంది. ఆ తర్వాత ఏడాదికి పైగా అతను రింగు ఎక్కలేదు. అయినా ఆ రాత్రి నొప్పి దిగమింగుకుని వచ్చి, బ్రెట్‌కి ఛాంపియన్ పేరు రావడానికి కావలసిందంతా చేసి వెళ్లాడు. మనం పైకొచ్చిన మెట్లలో ఒకటి మనతో పోటీపడినవాడి నడుమై ఉండొచ్చు. బ్రెట్ ఆ సంగతి ఎన్నడూ మరిచిపోలేదు.

మరుసటి ఏడాదే ఆ రుణం ఇంకొకరికి తీర్చే రోజు వచ్చింది. 1992 ఆగస్టు, లండన్ వెంబ్లీ స్టేడియం, 80 వేల జనం. ప్రత్యర్థి డేవీ బాయ్ స్మిత్, బ్రిటిష్ బుల్‌డాగ్ అని పేరు. సొంత దేశం, సొంత జనం. పైగా బ్రెట్ చెల్లెలు డయానా భర్త. ఆ రాత్రి గెలవాల్సింది అతనే. ఆట మొదలైన కాసేపటికే డేవీ, అనుకున్నదంతా మరిచిపోయానని బ్రెట్ చెవిలో చెప్పాడట. 80 వేలమంది ముందు, కెమెరాల ముందు, ఆట చాలావరకు మిగిలుండగా!

అక్కడ బ్రెట్‌కి రెండు దారులున్నాయి. మనిషి తడబడుతుంటే తడబడనిచ్చి, తాను మెరవచ్చు. గెలుపెలాగూ డేవీదే, ఆట చెడితే ఆ మాటా డేవీకే. లేదా మోయాలి. బ్రెట్ మోశాడు. పట్టు పట్టిన ప్రతిసారీ చెవిలో తర్వాతి అడుగు చెబుతూ, తానే దెబ్బలు తింటూ, ఎక్కడ లేవాలో ఎక్కడ పడాలో నడిపిస్తూ వచ్చాడు. చివర్లో బ్రెట్ వేసిన ఎత్తును డేవీ తిప్పికొట్టి, అతని కాళ్లను చేతులతో బంధించి కూర్చున్నాడు. రెఫరీ మూడు లెక్కపెట్టాడు. స్టేడియం హోరెత్తిపోయింది. డయానా రింగులోకి వచ్చింది, ముగ్గురూ కావలించుకున్నారు. బెల్టు బావమరిది భుజం మీద ఉంది. బ్రెట్ తన జీవితంలోని గొప్ప ఆటల్లో ఒకటిగా చెప్పుకునేది, తాను ఓడిపోయిన ఆ ఆటనే.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకప్పుడు నేను పనిచేసిన చోట ఒకే పదవికి నేనూ మరొకతనూ పోటీలో ఉన్నాం. పైవాళ్ల సమావేశానికి ముందురోజు అతని లెక్కల్లో ఒక పొరపాటు నా కంట పడింది. చెప్పడానికి అర నిమిషం చాలు. చెప్పలేదు. మర్నాడు అందరి ముందూ అతను నీళ్లు నమిలాడు. పదవి నాకొచ్చింది. ఆ రోజు అతను తన కాగితాలు సర్దుకుంటూ వణికిన వేళ్లు నాకింకా కళ్లకు కడుతున్నాయి. అది గెలుపని ఎన్నడూ ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

పోటీ చెడ్డదని నేననను. తోటివాడు బాగా పరిగెత్తితేనే మనకూ కాళ్లాడతాయి. 1994 మార్చిలో బ్రెట్ సొంత తమ్ముడు, ఇంట్లో అందరికంటే చిన్నవాడు ఓవెన్, రెజిల్‌మేనియా అనే పెద్ద పోటీల రాత్రి, తొలి ఆటలోనే అన్నను ఓడించాడు. అన్న నీడలో నలిగిపోతున్న తమ్ముడి కథ అది. ఆ ఒక్క గెలుపుతో ఓవెన్ పెద్ద పేరున్నవాడయ్యాడు. అదే రాత్రి బ్రెట్ యొకొజూనాని ఓడించి ఛాంపియనయ్యాడు. తమ్ముడు ఎదిగినందువల్ల అన్న పొట్టివాడు కాలేదు. ఆ తర్వాత నెలల తరబడి వాళ్ల వైరమే జనాన్ని రప్పించింది.

స్టీవ్ ఆస్టిన్ సంగతి ఇంకా పెద్దది. 1997 మార్చి 23న షికాగో శివార్లలో వాళ్లిద్దరి ఆట. బ్రెట్ మంచివాడుగా రింగులోకి అడుగుపెట్టాడు, ఆస్టిన్ చెడ్డవాడుగా. చివర్లో బ్రెట్ తన 'షార్ప్‌షూటర్' పట్టు పట్టాడు. కాళ్లు మెలేసి, మనిషిని బోర్లా తిప్పి, నడుం విరిచే పట్టు. ముఖమంతా రక్తం కారుతున్నా ఆస్టిన్ ఓడిపోయానని ఒప్పుకోలేదు, స్పృహ తప్పాడు. గెలిచింది బ్రెట్, జనం గుండెల్లో చోటు ఆస్టిన్‌కి. ఏడాది తిరిగేసరికి ఆ కంపెనీలో అంతటివాడు లేడు. ఆ మార్పు అలాగే రావాలని ఇద్దరూ కలిసి మలిచిన ఆట అది. తన చప్పట్లను ఎదుటివాడికి అప్పజెప్పడం ఎంత కష్టమో వేదిక ఎక్కిన ప్రతివాడికీ తెలుసు.

జాగ్రత్త ఎంతున్నా చేయి జారే క్షణం ఒకటుంటుంది. అదే ఏడాది ఆగస్టులో ఓవెన్, ఆస్టిన్‌ని తలకిందులుగా పట్టుకుని మోకాళ్ల మీద దిగాల్సింది, కూలబడినట్టు దిగాడు. ఆస్టిన్ తల నేలకు కొట్టుకుంది, మెడ దెబ్బతింది. కాళ్లూచేతులూ కదలలేదు. ఓవెన్ జనం వైపు తిరిగి కేకలు వేస్తూ అతను తేరుకునేదాకా కాలయాపన చేశాడు. ఎలాగో పాక్కుంటూ వచ్చి ఆస్టిన్ ఆ ఆట ముగించాడు. ఆ గాయం ఏళ్ల తరబడి అతన్ని వదల్లేదు. ఓవెన్ మంచివాడే, నేర్పరే. మంచితనం ఒక్కటే చాలదు, ప్రతి పట్టులోనూ ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

ఇక కెనడాలోని మాంట్రియల్‌లో జరిగింది. షాన్ మైకేల్స్ అనే తోటి రెజ్లర్‌తో బ్రెట్‌కి వైరం రింగు దాటి నిజం వైరమయింది. అవసరమైతే నీ చేతిలో ఓడిపోవడానికి నాకు అభ్యంతరం లేదని తాను చెబితే, నేను మాత్రం నీకోసం ఆ పని చెయ్యనని మైకేల్స్ అన్నాడని బ్రెట్ చెబుతాడు. అప్పటికే బ్రెట్ మరో కంపెనీకి వెళ్లిపోబోతున్నాడు. బెల్టు అతని దగ్గరే ఉంది. సొంత దేశంలో, మైకేల్స్ చేతిలో దాన్ని పోగొట్టుకోనన్నాడు. 1997 నవంబర్ 9న ఆట తేలకుండా ముగియాలని ఒప్పందం. మైకేల్స్ బ్రెట్ పట్టే బ్రెట్‌కి పట్టాడు. బ్రెట్ ఒప్పుకోకుండానే, రింగు పక్కన నిలబడ్డ యజమాని విన్స్ మెక్‌మాన్ గంట కొట్టించాడు. రెఫరీ పరుగున వెళ్లిపోయాడు. బ్రెట్ యజమాని ముఖాన ఉమ్మాడు. తర్వాత లోపలి గదిలో ఒక్క గుద్దుతో పడగొట్టాడు.

బెల్టు కోసం ఇంత పట్టుదలేమిటని చాలామంది అతన్ని తప్పుబట్టారు. నేనూ కొంత తప్పుబడతాను. నాటకంలో కిరీటాన్ని నెత్తికి అంటించుకున్నవాడికి అది తీసేటప్పుడు చర్మం కూడా ఊడుతుంది. అయినా గాయం బెల్టు పోయినందుకు మాత్రమే కాదు. ఆ పట్టు పట్టనివ్వడానికి బ్రెట్ తన కాళ్లు మైకేల్స్ చేతికిచ్చి పడుకున్నాడు. అలా అప్పగించిన క్షణంలోనే దెబ్బ పడింది. మన ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో, అన్నదమ్ముల మధ్య కూడా మానని గాయాలన్నీ ఇలాంటివే. ఓడిపోయామని కాదు, నమ్మి నిద్రపోయినప్పుడు ఓడించారని.

తర్వాతి ఏళ్లు తలుచుకుంటే బాధేస్తుంది. 1999 మే 23న కాన్సస్ సిటీలో, పైకప్పు నుంచి తాడుతో రింగులోకి దిగాల్సిన ఓవెన్ జారిపడి చనిపోయాడు. 34 ఏళ్లు. ఆ డిసెంబర్‌లో ప్రత్యర్థి గోల్డ్‌బర్గ్ కాలితో తన్నిన తన్ను బ్రెట్ తలకు తగిలింది. ఎదుటివాళ్ల తలలు కాపాడుతూ వచ్చినవాడి ఆట అలా ముగిసింది. 2002లో సైకిల్ మీద నుంచి పడి పక్షవాతం వచ్చింది, ఎడమ వైపు పడిపోయింది. చెయ్యి లేపడం, అడుగు వెయ్యడం చిన్నపిల్లాడిలా మొదటి నుంచి నేర్చుకున్నాడు.

ఇన్నేళ్లూ మాంట్రియల్ అతని లోపల రగులుతూనే ఉంది. పగ మోసేవాడికి బరువు తెలియదు, చేతులు ఖాళీగా లేవని మాత్రం తెలుస్తుంది. 2006లో ఆ పాత కంపెనీ హాల్ ఆఫ్ ఫేమ్‌కి అతన్ని ఆహ్వానిస్తూ వేదిక మీద నిలబడి మాట్లాడింది స్టీవ్ ఆస్టిన్. బ్రెట్ తమ్ముడి చేతిలో మెడ దెబ్బతిన్న ఆ ఆస్టినే. 2010 జనవరి 4న, పన్నెండేళ్లు దాటాక, అమెరికాలోని డేటన్ దగ్గర బ్రెట్ మళ్లీ ఆ కంపెనీ రింగెక్కి మైకేల్స్‌ని పిలిచాడు. ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ మాట్లాడుకున్నారు. చేతులు కలిపారు. కావలించుకున్నారు. లక్షలమంది చూసే కార్యక్రమం కాబట్టి అందులో నాటకమెంత అని అడిగేవాళ్లుంటారు. ఆ కౌగిలి నిజమేనని బ్రెట్ తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. నేను నమ్ముతాను.

వెంబ్లీ ఆట మీకు దొరికితే ఒకసారి చూడండి. ఎవరు గెలుస్తారో మీకు తెలుసు కాబట్టి ఆ ధ్యాస వదిలేసి బ్రెట్ చేతులే చూడండి. డేవీని ఎత్తి పడేసే ప్రతిసారీ అవి అతని మెడను ఎలా కాచుకుంటున్నాయో కనిపిస్తుంది.