తేదీలు లేని కార్యప్రణాళిక

నమూనా, తారీఖు అను రెండు మాటలును ఉర్దూ ద్వారా తెలుగులో ప్రవేశించి, పల్లెపట్టుల సైతము స్థిరపడినవి. ఈ రెండింటికిని పొత్తు కుదరదని మేము కొంత ఆలస్యముగా తెలిసికొంటిమి. కంప్యూటర్‌పై ఒక పనికి షెడ్యూలు తయారుచేసి, దానినే ఏటేటా వాడుకొనదలచిన విద్యార్థులు మొదట గ్రహింపవలసిన విషయ మిదియే.

2025లో మన కళాశాల సంచిక ఆలస్యమైన సంగతి పాఠకులకు తెలియనిది కాదు. చివరి సంవత్సరపు విద్యార్థులు టి.సి.లు తీసికొని వెళ్ళిన పిమ్మట గాని ప్రతులు చేతికి రాలేదు. తమ పేరును తొలిసారి అచ్చులో చూచుకొనవలసిన పిల్లలు కొందరు చూచుకొననే లేదు. ఆ తప్పు ప్రెస్సువారిది కాదు, మాది. 2024 నాటి షెడ్యూలు ఫైలును తెరచి, సంవత్సరమును మాత్రము మార్చి, తేదీల నట్లే యుంచితిమి. 2024లో రంజాన్ మాసము మార్చి 12న ప్రారంభమైనది; 2025లో మార్చి 2ననే వచ్చినది. చాంద్రమాన సంవత్సరమునకు 354 లేక 355 దినములే గనుక ఆంగ్ల తేదీల ప్రకారము అది ఏటేటా పదిపదకొండు రోజులు ముందుగా వచ్చును. మార్చి మొదటి వారమున పెట్టిన ప్రూఫుల పని సరిగా ఉపవాస దినములలో పడినది. అంతకు మునుపే రచనల సేకరణ 12 దినములు వెనుకబడియుండెను. అయినను తెరపై గాంట్ పటములో ముద్రణ పాత తేదీననే నిలిచి, అంతయు సవ్యముగా నున్నట్లే కనబడినది!

కారణ మేమనగా, పనులకు తేదీలిచ్చితిమి గాని ఒకదానితో నొకటి ముడివేయలేదు. 1957లో డ్యూపాంట్ కంపెనీకి చెందిన మోర్గన్ వాకర్, రెమింగ్టన్ ర్యాండ్‌కు చెందిన జేమ్స్ కెల్లీ రూపొందింప మొదలిడిన క్రిటికల్ పాత్ పద్ధతికి మూలము ఈ ముడియే. ఏ పని ముగిసిన పిదప ఏ పని మొదలగును? ఒక్కొక్కదానికి ఎన్ని దినములు పట్టును? ఈ రెండును తెలిసినచో తేదీలను గణితమే తేల్చును. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ చేయునదియు ఈ లెక్కయే.

కావున నమూనాలో పనుల పేర్లు, వాటి కాలపరిమితి, పూర్వాపర సంబంధము మాత్రమే వ్రాయవలెను. ప్రారంభ తేదీ గడిలో ఏ తేదీని టైపు చేయరాదు. చేసినచో ఆ పని అంతకు ముందు మొదలుకారాదను నిబంధన మనకు తెలియకుండగనే చేరును. 2010 తరువాతి కూర్పులలో మరియొక చిక్కు కలదు. కొత్త పనులన్నియు మాన్యువల్ పద్ధతిలోనే పుట్టును. వాటిని ఆటో షెడ్యూలుకు మార్చనిదే ముడులు వేసియు ప్రయోజనము స్వల్పము.

మన సంచికలో ఉర్దూ పుటలు కుడివైపు నుండియు, తెలుగు పుటలు ఎడమవైపు నుండియు సాగి నడుమ కలియును. మునుపటి షెడ్యూలులో తెలుగు కంపోజింగు ముగిసిన పిదపనే ఉర్దూ కంపోజింగు ఉండెను. ఎందుకో మాకే తెలియదు. బహుశః జాబితాలో ఒకదాని క్రింద నొకటి వ్రాయుటచేత కాబోలు. నిజమునకు అవి ఒకదానికై ఒకటి వేచియుండ నవసరము లేదు. రెండింటికై వేచియుండవలసినది బైండింగు మాత్రమే. ఈ ఒక్క సవరణతో పది దినములు మిగిలినవి. మనుష్యుల పేర్లకు బదులు 'తెలుగు సంపాదకుడు', 'ఉర్దూ ప్రూఫ్ రీడర్' అని హోదాలను వ్రాసితిమి. పేర్లు ఏటేటా మారును గదా.

ఇక రంజాన్ సంగతి. దీనిని పనులలో గాక క్యాలెండరులో చూపవలెను. సాఫ్ట్‌వేరుకు ఒక దినమనగా సాధారణముగా 8 గంటలు. ఆ మాసమున రోజునకు 6 గంటలే పని యని క్యాలెండరులో నమోదు చేసినచో, 6 దినముల ప్రూఫుల పని, అనగా 48 గంటలు, తనంత తానే 8 పనిదినములకు సాగును. నెలవంక దర్శనమునుబట్టి ఒక రోజు అటునిటు కావచ్చును గనుక ఈ వివరము నమూనాలో నిలువరాదు. ప్రతి సంవత్సరమును కొత్తగా చేర్చవలెను.

ఫైలును ఎం.పి.టి. రూపమున దాచునపుడు పాత బేస్‌లైన్లను, జరిగిన పనుల తేదీలను తొలగింపుమా యని సాఫ్ట్‌వేరే అడుగును, అన్నింటిని తొలగింపవలెను. డెడ్‌లైనును, పాత సెలవులను మాత్రము మనమే వెదకి తీసివేయవలెను. ఈ సాఫ్ట్‌వేర్ కొనలేని విద్యార్థులు ఉచితముగా లభించు ప్రాజెక్ట్‌లిబ్రెలో ఇదే అభ్యాసము చేయవచ్చును.

కొత్త సంపాదకవర్గము ఆ నమూనాను తెరచి వ్రాయవలసిన తేదీలు రెండే: పని మొదలిడు దినము, వార్షికోత్సవ దినము. రెండవదానిని చివరి పనికి డెడ్‌లైనుగా నిచ్చినచో, లెక్క దానిని దాటిన క్షణమే వరుస ప్రక్కన ఎర్రని గుర్తు కనబడును. అయితే ఆ తేదీని నిర్ణయించువారు కళాశాల కమిటీ పెద్దలు. 2025లో అది ఫిబ్రవరిలో తెలిసినది. నవంబరు మాసాంతమునకే దానిని ప్రకటింపవలసినదిగా వారిని సవినయముగా కోరుచున్నాము.