పాదయాత్రికుని ఆహారనియమం

శ్రీరామనవమి ఎండలు ముదిరే చైత్రమాసంలో వస్తుంది. చండ్రుగొండ అటవీప్రాంతం నుండి భద్రాద్రికి కాలినడకన తరలే భక్తుని దేహం చెమటతో నీటిని, ఉప్పును కోల్పోతుంది. కండరాలలో నిల్వ ఉన్న చక్కెర తరిగిపోతుంది.

స్వామికి నివేదించే పానకంలోని బెల్లం శక్తిని త్వరగా తిరిగి ఇస్తుంది. అయితే పోయిన ఉప్పును అది పూరించలేదు. కావున ఉప్పు కలిపిన మజ్జిగను కూడా, దాహం ముదిరేదాకా ఆగక, కొద్దికొద్దిగా సేవించాలి.

విడిది చేరిన పిదప అన్నం, పప్పు భుజించాలి. అన్నం తరిగిన నిల్వను నింపుతుంది. పప్పులోని మాంసకృత్తులు అలసిన కండరాలను బాగుచేస్తాయి. వడపప్పు చేసే మేలూ ఇదే.

మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, తడిబట్టతో దేహాన్ని చల్లబరుస్తూ 108కు తెలపాలి.

చలివేంద్రాలు నెలకొల్పే దాతలు పానకం సరసన ఉప్పుమజ్జిగను కూడా ఉంచితే ఆ సేవ సంపూర్ణమవుతుంది.