నిమ్మమొక్క ఆకును చదువుట

గింజ నాటి పెంచిన నిమ్మ కాపునకు వచ్చుటకు నాలుగైదేండ్లు పట్టును. నడుమ ఆకులు పసుపుబారినచో మన బలసముద్రము ప్రాంతమున పెద్దలు మరికొంత నీరు పోయుదురు. లేదా అంగడినుండి ఏదో మందు తెత్తురు. రెండును తొందరపాటే. పసుపుబారినది ముదురాకా, లేతాకా అని ముందు చూడవలెను.

నత్రజని మొక్కలో సులభముగా కదలును. అది చాలనపుడు మొక్క ముదురాకులనుండి దానిని తీసి చిగుళ్లకు పంపును. కావున క్రింది ఆకులే మొదట పాలిపోవును. ఇనుము, జింకు అట్లు కదలవు. అవి కొరవడిన చిగురాకులే చెడును. ఇనుము లోపించిన లేతాకున ఈనెలు పచ్చగా నిలిచి తక్కిన భాగము పసుపగును. జింకు లోపించినచో ఆకులు చిన్నవై సన్నబడి, ఈనెల నడుమ పసుపుమచ్చలు పడును.

సున్నము హెచ్చుగా గల నేలలో ఇనుము ఉండియు వేళ్లకు అందదు. కనుక మొదట తుప్పుమేకులు పాతుట వ్యర్థము. నీరు నిలిచిన పాదులోను ఇట్లే జరుగును. అపుడు మరల నీరు పోయుట మొక్కను చంపుటయే.

ఆకుల కొనలు, అంచులు మాడినచో బోరునీటిలోని ఉప్పును అనుమానింపుడు. వాననీరు పట్టి పోసి, రాబోవు చిగురును పరీక్షింపుడు. మాడిన ఆకు మరల పచ్చబడదు. దానిని చూచి నిరాశపడ నక్కరలేదు.

లేతాకుపై వంకరటింకర వెండిగీత కన్పించిన అది ఆకుతొలుచు పురుగు జాడ. ఆ గాయముల ద్వారా గజ్జితెగులు సులభముగా చొచ్చును. పక్షిరెట్టవలె కదలక యుండునది సీతాకోకచిలుక గొంగళి. పెరటిలో దానిని చేతితో ఏరివేసిన చాలును. మామిడిటెంకనుండి మొలచిన మొక్క చిగురు రాగివర్ణమున నుండుట మాత్రము రోగము కాదు.

అన్నిటికంటె భయంకరమైనది గ్రీనింగు తెగులు. అది జింకు లోపమును పోలియుండును. కాని మచ్చలు నడిమి ఈనెకు ఇరువైపుల సమానముగ నుండవు. దీనికి మందు లేదు. ఇట్టి అనుమానము కలిగినచో ముదురాకులు, లేతాకులు గల కొమ్మను పావగడలోని తోటల శాఖవారికి చూపవలెను.

జింకు లోపమే నిశ్చయమైనచో లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేటు, 2.5 గ్రాముల సున్నము కలిపి లేతాకులపై చల్లుదురు. పొట్లముపై కన్నడమున ‘సతు’ అనునది జింకు. ‘కబ్బిణ’ అనునది ఇనుము. కన్నడము చదువని తల్లిదండ్రులకు ఈ పేరులు విద్యార్థులే చదివి చెప్పవలెను.