ఏ లెక్కన?

"ఈ పరికరం ప్లగ్గులో పెడితే కరెంటు బిల్లు 40 శాతం తగ్గుతుంది." "లోన్ వడ్డీ పది శాతమేనండి." "సాగర్ ముప్పాతిక పైనే నిండింది, ఈ ఏడు నీళ్లకు ఢోకా లేదు." ఇలాంటి మాటలు రోజూ మన చెవిన పడుతుంటాయి. అంకె లేని మాటతో వాదనకు దిగుతాం. అంకె ఉంటే తలూపేస్తాం. చెప్పేవాళ్లు ఎక్కడో కొలిచే ఉంటారని మన నమ్మకం. కొలిచే ఉండొచ్చు. కానీ దేన్ని కొలిచారో, ఎక్కడి నుంచి కొలిచారో అంకె తనంతట తాను చెప్పదు. మనమే అడగాలి. సొంత బుర్రతో నిర్ణయాలు తీసుకోవాలనుకునే ప్రతి ఒక్కరికీ ఈ అలవాటు అవసరం.

ఎక్కడి నుంచి కొలిచారు?

నాగార్జునసాగర్ సంగతే చూడండి. పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ప్రస్తుతం 510 అడుగుల దగ్గర ఉందని పేపర్లో చదవగానే మనసు చటుక్కున భాగహారం చేసేస్తుంది: 86 శాతం! అయితే ఆ అడుగులను లెక్కపెట్టేది సముద్ర మట్టం నుంచి. జలాశయం అడుగున ఉన్న నేల నుంచి కాదు. టీఎంసీల్లో చూస్తే 590 అడుగుల దగ్గర పట్టేది 312, అదే 510 దగ్గర సుమారు 131. అంటే 42 శాతమే. పైగా కాలువలకు నీళ్లు వదిలేందుకు కనీస మట్టంగా పెట్టుకున్నదే 510 అడుగులు. నారు పోసుకుని ఎదురుచూస్తున్న ఆయకట్టు రైతుకు ఆ 86 శాతం ఎందుకూ కొరగాదు. పేపరు అబద్ధం రాయలేదు. భాగించకూడని అంకెను మనమే భాగించాం.

దేని మీద?

లక్ష రూపాయల అప్పు, పది శాతం ఫ్లాట్ వడ్డీ, ఏడాదిలో తీర్చాలి అనుకుందాం. నెలకు సుమారు 9,167 రూపాయల చొప్పున 12 వాయిదాలు, మొత్తం 1,10,000. చూడ్డానికి పది శాతమే. కానీ మొదటి వాయిదా కట్టగానే అసలులో కొంత తీరిపోయింది. ఆరు నెలలయ్యేసరికి మీ దగ్గర మిగిలిన అసలు దాదాపు సగం. వడ్డీ మాత్రం ఆఖరి నెల దాకా పూర్తి లక్ష మీదే వేశారు. నిజంగా మీ చేతిలో ఉన్న అసలు మీద లెక్కగడితే ఏడాదికి 18 శాతానికి దగ్గరవుతుంది. ఎంత శాతమని అందరూ అడుగుతారు. ఏ అసలు మీద అని కూడా అడిగినవాడే ఆ తేడాను పట్టుకుంటాడు.

ఇక ప్లగ్గులో పెట్టే పరికరం. అందులో సాధారణంగా ఉండేది ఓ చిన్న కెపాసిటర్. పెద్ద మోటార్లు నడిచే ఫ్యాక్టరీల్లో పవర్ ఫ్యాక్టర్ సరిచేయడానికి కెపాసిటర్లు నిజంగానే పనికొస్తాయి. కానీ ఇంటి బిల్లు వేసేది యూనిట్ల మీద. వెయ్యి వాట్ల గీజరు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. నీళ్లు కాగడానికి ఆ విద్యుత్తు ఖర్చు కావాల్సిందే, పక్కన ఏ పెట్టె తగిలించినా అది తగ్గదు. అమ్మేవాళ్లు మీటరు పెట్టి ఆంపియర్లు తగ్గడం చూపిస్తారు. ఆ చూపించింది నిజమే, కానీ మీరు డబ్బు కట్టేది ఆంపియర్లకు కాదు.

నచ్చిన అంకెనూ అడగగలరా?

ఇంతవరకూ తేలికే. జేబుకు చిల్లు పడుతుందన్న భయం ఉన్నచోట ఎవరైనా ప్రశ్నిస్తారు. మన పార్టీనో, మన ఊరినో, మన నమ్మకాన్నో పైకెత్తే అంకె వచ్చినప్పుడే చూడకుండా ఫార్వర్డ్ చేసేస్తాం.

ఈ విషయంలో ఇద్దరు అమెరికన్ ప్రొఫెసర్ల పందెం గుర్తుంచుకోదగ్గది. జనాభా పెరిగేకొద్దీ వనరులు కరువవుతాయన్నది జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ వాదన. కొరత వస్తే మనిషి కొత్త దారులు వెతుకుతాడు, చివరికి ధరలు దిగివస్తాయన్నది ఆర్థికవేత్త జూలియన్ సైమన్ వాదన. 1980లో ఎర్లిక్ రాగి, క్రోమియం, నికెల్, తగరం, టంగ్‌స్టన్‌లను ఒక్కోటి 200 డాలర్ల లెక్కన కాగితం మీద ఎంచుకున్నాడు. ద్రవ్యోల్బణాన్ని తీసేసి చూస్తే పదేళ్లకు మొత్తం ధర పెరిగిందా, తేడా సైమన్ ఇచ్చుకోవాలి. తగ్గితే ఎర్లిక్ ఇవ్వాలి. 1990లో ఎర్లిక్ 576.07 డాలర్లకు చెక్కు పంపాడు.

దాంతో సైమన్ సిద్ధాంతం రుజువైపోయిందనుకుంటే అదీ తొందరపాటే. పందేనికి వేరే పదేళ్లు ఎంచుకుని ఉంటే చాలాసార్లు ఎర్లిక్కే గెలిచేవాడని తర్వాత లెక్కలు వేసినవాళ్లు తేల్చారు. ఎక్కడి నుంచి కొలిచారన్న ప్రశ్న ఇక్కడా తప్పలేదు. అయినా ఇద్దరూ మెచ్చుకోదగ్గ పని ఒకటి చేశారు. ఏం జరిగితే తాము ఓడినట్టో ముందుగానే, తేదీతో సహా రాసుకున్నారు. టీవీ చర్చల్లో గొంతు చించుకునేవాళ్లలో అంత ధైర్యం ఎందరికుంది?

అడిగే తీరు

"బాబాయ్, అదంతా ఫేక్" అంటే ఫ్యామిలీ గ్రూపులో పెద్దాయన మొహం మాడుతుంది, అంకె సంగతి పక్కకు పోతుంది. "ఏ లెక్కన బాబాయ్?" అనండి. ఆయనకు తెలిస్తే చెబుతారు, మీరూ నేర్చుకుంటారు. తెలియకపోతే ఇద్దరూ కలిసి వెతకొచ్చు. విషయం తెలిసినవాళ్లు ఈ ప్రశ్నకు ఎప్పుడూ నొచ్చుకోరు.

అయితే ముందు ఇంటి నుంచే మొదలుపెట్టండి. మీరు నలుగురిలో తరచూ చెప్పే అంకె ఒకటి తీసుకోండి. అది ఎక్కడి నుంచి కొలిచినదో, దేని మీద కొలిచినదో, ఏం తేలితే దాన్ని వదులుకుంటారో కాగితం మీద రాయండి. మొదటి రెండూ వెతికితే దొరుకుతాయి. మూడోదానికి జవాబు తోచకపోతే మీ దగ్గరున్నది అభిమానం. అభిమానం ఉండటం తప్పేమీ కాదు. దాన్ని లెక్కగా మాత్రం ఎవరికీ చెప్పకండి.