మతిమరుపు జబ్బు - అయస్కాంత చికిత్స

నిన్న రాత్రి భోజనంలో ఏమి తిన్నారో చెప్పండి. ఒక్క క్షణం ఆలోచించి చెప్పగలరు. మీ బడికి దారి ఏదో, మీ పక్కన కూర్చునే స్నేహితుని పేరేమిటో ఆలోచించకుండానే చెప్పగలరు. ఈ జ్ఞాపకాలన్నిటికీ నిలయం మన మెదడు. అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. అవి అతి స్వల్పమైన విద్యుత్తు ద్వారా, కొన్ని రసాయనాల ద్వారా ఒకదానికొకటి కబురు పంపుకొంటాయి.

కొందరు పెద్దవారిలో ఈ కణాలు క్రమంగా దెబ్బతిని నశిస్తాయి. అప్పుడు వారు ఇప్పుడే విన్న మాట మరచిపోతారు. అడిగినదే మళ్ళీ అడుగుతారు. తెలిసిన వీధిలోనే దారి తప్పుతారు. మన ఇళ్ళలో దీనిని చాదస్తమనీ, వయసు మీద పడిందనీ అనుకొని ఊరుకొంటారు. అది సరికాదు. ఇది జబ్బు. వైద్యులు దీనిని డిమెన్షియా అంటారు. ఇందులో ఎక్కువగా కనిపించేది ఆల్జీమర్స్ వ్యాధి. జర్మనీ దేశపు వైద్యుడు అలోయిస్ ఆల్జీమర్ 1906లో దీనిని గురించి మొదట వివరించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా 5 కోట్ల 70 లక్షల మందికి డిమెన్షియా ఉంది.

ఆల్జీమర్స్ వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు. కొన్ని మందులు బాధను కొంత తగ్గిస్తాయి. కొన్ని జబ్బు ముదరడాన్ని కొంత ఆలస్యం చేస్తాయి. అందుచేత శాస్త్రజ్ఞులు మందులకు తోడుగా మరొక మార్గాన్ని పరీక్షిస్తున్నారు. అది మెదడును తలపై నుండే ప్రేరేపించే చికిత్స. దీనికి తల కోయనక్కరలేదు. సూది గుచ్చనక్కరలేదు.

ఎలా పనిచేస్తుంది?

మీరు విజ్ఞానశాస్త్రంలో ఒక ప్రయోగం చేసే ఉంటారు. తీగచుట్టలోనికి అయస్కాంతాన్ని చటుక్కున తోసి, చటుక్కున లాగితే తీగలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే ఈ సూత్రాన్ని కనుగొన్నాడు. అయస్కాంత క్షేత్రం మారితే విద్యుత్తు పుడుతుందన్నమాట.

సుమారు నూటయాభై ఏండ్ల తరువాత, 1985లో, అదే దేశంలోని షెఫీల్డ్ నగరంలో ఆంటొనీ బార్కర్, ఆయన సహచరులు ఈ సూత్రాన్ని మనిషి మెదడుపై ప్రయోగించారు. తలపై తీగచుట్టను ఉంచి, అందులో క్షణకాలం బలమైన విద్యుత్తును పంపారు. అయస్కాంత క్షేత్రం పుర్రెను దాటి లోపలికి పోయింది. మెదడులో స్వల్ప విద్యుత్తు పుట్టింది. వెంటనే ఆ మనిషి చేతి కండరాలు వాటంతట అవే కదిలాయి! మెదడులో చేతిని కదిలించే భాగం ప్రేరణ పొందడమే దీనికి కారణం.

ఈ చికిత్సలో రోగి కుర్చీలో కూర్చుంటాడు. తీగచుట్ట టకటకమని చప్పుడు చేస్తుంది. అందుచేత చెవులలో బిరడాలు పెడతారు. ప్రేరణ మెదడులో రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకే చేరుతుంది. అయితే ఒకచోట మేలుకొన్న కణాలు తమతో సంబంధం గల దూరపు కణాలకు కూడా కబురు పంపుతాయి. మరొక పద్ధతిలో తలపై రెండు తడి పట్టీలు ఉంచి, 1 లేక 2 మిల్లీ ఆంపియర్ల బలహీనమైన విద్యుత్తును పంపుతారు.

మేలు జరిగిందని ఎలా తెలుస్తుంది?

ఏదో చికిత్స జరుగుతున్నదన్న ధైర్యంతోనే రోగి కొంత తేరుకోవచ్చు. అది ధైర్యం వలన కలిగిన మేలా, అయస్కాంతం వలన కలిగిన మేలా? దీనిని తేల్చడానికి రోగులను రెండు జట్లుగా చేస్తారు. ఒక జట్టుకు నిజమైన చికిత్స, రెండవ జట్టుకు ఉత్తుత్తి చికిత్స ఇస్తారు. చప్పుడు రెండింటిలోనూ ఉంటుంది. ఎవరు ఏ జట్టువారో రోగులకు తెలియదు.

ఇటలీలోని రోమ్ నగరంలో ఇటువంటి పరీక్ష జరిగింది. దాని ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఆల్జీమర్స్ గల 50 మందికి 24 వారాలు చికిత్స ఇచ్చారు. మొదటి రెండు వారాలు వారానికి 5 రోజులు, తరువాత వారానికి ఒక్కసారి. ఉత్తుత్తి చికిత్స పొందినవారి స్థితి క్షీణించింది. నిజమైన చికిత్స పొందినవారి స్థితి మొత్తం మీద నిలకడగా ఉంది. పోయిన జ్ఞాపకాలన్నీ తిరిగి వచ్చాయా? రాలేదు. కాని ఇంకా పోకుండా ఆగడం కూడా మేలే గదా!

అయినా 50 మంది చాలా కొద్దిమంది. ఇంకా పెద్ద పరీక్షలు జరగాలి. అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ సంస్థ 2008లో మానసిక కుంగుబాటుకు అయస్కాంత చికిత్సను అనుమతించింది. ఆల్జీమర్స్‌కు మాత్రం ఇంకా అనుమతించలేదు. ఈ చికిత్స వలన కొందరికి తలనొప్పి వస్తుంది. అరుదుగా మూర్ఛ రావచ్చు. తలలో లోహపు పరికరాలు ఉన్నవారికి ఇది పనికిరాదు. ప్రకటనలు చూసి యంత్రాలు కొని ఇంట్లో ప్రయోగాలు చేయరాదు.

మన వంతు

మిషిగన్ రాష్ట్రంలోని నోవై పట్టణంలో ఎన్నో తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులు కూడా జ్ఞాపకశక్తి తగ్గినవారిపై బలహీన విద్యుత్తు పద్ధతిని పరీక్షించారు.

వైద్యం వైద్యుల పని. మరి మీరేమి చేయగలరు? మీ ఇంట ఒక అమ్మమ్మ గారికి ఈ జబ్బు ఉన్నదనుకొందాం. కిటికీ బయట మంచు. వీధిలో తెలియని భాష. ఈ జబ్బులో, పెద్దయ్యాక నేర్చుకొన్న భాష చాలామందికి ముందుగా జారిపోతుంది. చిన్ననాటి భాష ఎక్కువకాలం నిలుస్తుంది. అప్పుడు ఆమెకు తెలుగులో బదులు చెప్పేవారు ఇంట్లో ఉండాలి. “ఇందాకే చెప్పాను గదా!” అని విసుక్కోకుండా, అడిగిన ప్రతిసారీ కొత్తగా అడిగినట్లే బదులు చెప్పండి. ఆమె ఊరి సంగతులు అడగండి. ఆమెకు వచ్చిన పాటను ఆమెతో కలిసి పాడండి. చిరునామా వ్రాసిన కాగితం ఆమె వద్ద ఉండేటట్లు చూడండి.

మరొక సంగతి. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు డిమెన్షియా గల 648 మందిని పరిశీలించారు. ఒకే భాష తెలిసినవారి కంటె, రెండు లేక అంతకంటె ఎక్కువ భాషలు మాట్లాడేవారికి ఈ జబ్బు సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా వచ్చిందని 2013లో ప్రకటించారు. భాష మందు కాదు. కాని భాషలను వాడడం మెదడుకు మంచి వ్యాయామం కావచ్చు.

అయస్కాంతం నాడీకణాన్ని తట్టి లేపుతుంది. తరువాత ఆ కణానికి పని కావాలి. మాట, పాట, ఆప్యాయత - ఆ పని మనము కల్పించాలి.

అభ్యాసము

అ) పదాలు - అర్థాలు
నిలయం = ఉండే చోటు
ప్రేరేపించు = పురికొల్పు
క్షీణించు = తగ్గిపోవు
ఉత్తుత్తి = నిజము కాని

ఆ) ప్రశ్నలు
1. మతిమరుపు జబ్బును చాదస్తం అనుకోవడం ఎందుకు సరికాదు?
2. ఫారడే సూత్రం బార్కర్ ప్రయోగానికి ఎలా ఉపయోగపడింది?
3. రోగులను రెండు జట్లుగా ఎందుకు చేస్తారు?

ఇ) చేయండి
మీ ఇంటి పెద్దవారిని వారి చిన్ననాటి ఆట ఒకటి అడిగి తెలుసుకొని, తెలుగులో పది వాక్యాలు వ్రాయండి. వ్రాసినది వారికి చదివి వినిపించండి.